రెండు జతల బూట్లు

మా గుమ్మం పక్కన రెండు జతల స్పోర్ట్స్ బూట్లు ఉంటాయండీ. ఒకటి కబడ్డీ మ్యాట్ మీదికి, ఇంకోటి సాఫ్ట్‌బాల్‌కి. రెండూ మా అమ్మాయివే. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పొద్దున నవీపేట నుంచి నిజామాబాద్ బస్సు, సాయంత్రం గ్రౌండ్, ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. శనివారం మేకల సంత రోజు మా ఊళ్లో బస్సెక్కడం దానికి మూడో ఆట.

సాఫ్ట్‌బాల్ తెలియనివాళ్లకు చెప్తాను. అమెరికావాళ్ల బేస్‌బాల్‌కి ఇది చెల్లెలు లాంటిది. బంతి కాస్త పెద్దది, చెయ్యి కిందినుంచి తిప్పి విసురుతారు. పేరు చూసి మెత్తగా ఉంటుందనుకోకండి. ఓసారి మోచేతికి తగిలితే వారం రోజులు దాని జడ నేనే వేశాను.

ఈమధ్య కోచ్, "రెండింట్లో ఒకటి తేల్చుకో" అన్నారట. ఆయన మాటా కొట్టిపారేయలేం. ఒంట్లో ఉన్న బలం ఒక్కటే కదా. మా ఆయన, "ఏది ఆడితే స్పోర్ట్స్ కోటాల నౌకరి వస్తదో గదే ఆడుమను" అన్నారు. మా అత్తమ్మ అయితే ఇంకా సులువుగా తేల్చేసింది. "రెండూ ఇడిసిపెట్టుమనరాదే, పెండ్లీడు పిల్లాయె!"

ఆ రాత్రి అమ్మాయి అన్నం తింటూ ఫోన్‌లో ఒకాయన గురించి చదివి వినిపించింది. కోటా రామస్వామి. మద్రాసు తెలుగాయన, బుచ్చిబాబు నాయుడి చిన్న కొడుకు. బుచ్చిబాబు టోర్నమెంట్ అని క్రికెట్‌లో ఇప్పటికీ ఆడతారే, ఆ బుచ్చిబాబే. రామస్వామి కేంబ్రిడ్జిలో చదువుకుంటూ టెన్నిస్ ఆడి, యూనివర్సిటీ ఆటగాళ్లకు ఇచ్చే 'బ్లూ' గౌరవం అందుకున్నాడు. 1922లో మన దేశం తరఫున డేవిస్ కప్ ఆడాడు. తర్వాత 1936లో ఇంగ్లండ్ వెళ్లిన క్రికెట్ జట్టులో ఉన్నాడు. మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడేనాటికి ఆయనకు నలభై ఏళ్లు దాటాయి! ఆ టెస్టులో 40, 60 పరుగులు చేశాడు. ఆడినవి రెండు టెస్టులే అయినా సగటు 56 దాటింది. చివరికి 1985లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, ఇంట్లోంచి బయటికి వెళ్లి మళ్లీ కనిపించలేదట. అది విని నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఇంటివాళ్లు ఎన్నాళ్లు గుమ్మం వైపు చూశారో.

"చూడు మమ్మీ, ఈయన రెండూ ఆడలేదా?" అంది మా పిల్ల.

ఆడాడు తల్లీ. కానీ ఆ ఇల్లు వేరు. మైలాపూర్‌లో లజ్ హౌస్ అంటే పెద్ద లోగిలి, ఆవరణలోనే ఆటస్థలం. పిల్లలకు ఆటంటే ఇంట్లో రోజూ నడిచే పనే. వాళ్లకు వండి వడ్డించిందెవరు, బట్టలు ఉతికిందెవరు అన్నది ఆటల కథల్లో ఎలాగూ రాదనుకోండి.

మా నిజామాబాద్ నిఖత్ జరీన్ సంగతీ ఉంది. ఆమె కూడా ముందు పరుగు పందాల పిల్లే. తర్వాత బాక్సింగ్‌కి వెళ్లి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఒకటి వదిలితేనే రెండోది అందింది కదా అని మా ఆయన దాన్నే పట్టుకున్నారు.

నాకు మాత్రం ఆ రెండు సంవత్సరాలే బుర్రలో తిరిగాయి. 1922, 1936. మధ్యలో పద్నాలుగేళ్లు. టెన్నిస్‌లో అంత పేరొచ్చాక, ఇక బ్యాటు అటక మీద పెట్టెయ్ అని గట్టిగా పట్టుబట్టేవాళ్లు ఉంటే మాంచెస్టర్‌లో ఆ అరవై పరుగులు ఉండేవా? ఆయనకు దొరికింది బలం ఒక్కటే కాదు, వ్యవధి. మన ఆడపిల్లలకు లేనిది సరిగ్గా అదే. మా అమ్మాయి ముందున్నది పద్నాలుగేళ్లు కాదు, డిగ్రీ అయ్యేదాకా ఏడాదిన్నర. ఆ తర్వాత ఎవరో ఒకరు ఫొటో అడుగుతారు. కోచ్ తొందరకు ఆటే కారణం కావచ్చు, మా ఇంట్లో తొందరకు మాత్రం కాదు.

ఏ ఆట మంచిదో చెప్పేంత నాకు తెలీదు. వ్యవధి మాత్రం నేను అడిగి ఇప్పించగలను. అందుకే మొన్న పసుపు ఉడకబెట్టి కళ్లంలో ఆరబోస్తున్నప్పుడు, కూలీలు అటు వెళ్లాక మా ఆయనతో అన్నాను. "దానికి ఇరవై మూడు నిండేదాకా సంబంధాల మాట ఎత్తద్దు. పసుపు మార్కెట్‌యార్డుకు పోయినంక వచ్చిన దాంట్ల దాని ప్రయాణం ఖర్చులు ఏరుగా పెడదాం." ఆయన కొమ్ములు తిరగేస్తూ చాలాసేపు మాట్లాడలేదు. "మీ అత్తకు నువ్వే చెప్పుకో" అన్నారు చివరికి. అంటే ఒప్పుకున్నట్టే. పాతికేళ్ల కాపురంలో ఆ మాత్రం భాష నాకు వచ్చు.

అత్తమ్మకు చెప్పాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. మూడోరోజు మనవరాలి మోకాలికి పసుపూ కొబ్బరినూనె రాస్తూ, "గా కబడ్డీల మీదవడి గుంజుతరు, ఆ బంతాటనే నయం" అని తన ఓటు వేసింది. అమ్మాయి ఇంకా ఏదీ తేల్చలేదు. వచ్చే వారం దేనికి ముందు సెలెక్షన్స్ ఉంటే దానికి వెళ్తానంటోంది.