దగ్గమని అడిగే సిస్టర్

ఆపరేషన్ అయిన మర్నాడు పేషెంటు కదలకుండా పడుకుని ఉంటే ఇంటివాళ్లు కాస్త కుదుటపడ్డాడనుకుంటారు. అనుభవమున్న సిస్టర్ అలా అనుకోదు. కదిలితే ప్రాణం పోతుందన్న భయంతో బిగుసుకుపోయిన మనిషి కూడా అలాగే పడుకుంటాడని ఆమెకు తెలుసు.

హైదరాబాద్ ఫలక్‌నుమా నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు పొట్ట కోసి పిత్తాశయం తీశారు. మర్నాడు రౌండ్స్‌లో డాక్టరు “దర్ద్ హై క్యా, అమ్మా?” అంటే “నై, ఠీక్ హూఁ” అంది. డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. సిస్టర్ మాత్రం ఆగి, ఒక్కసారి దగ్గమంది. ఆమె దగ్గబోయి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, ఊపిరి సగంలోనే ఆపేసింది. కేస్‌షీట్‌లో సిస్టర్ నొప్పికి పదికి ఎంతో రెండు అంకెలు వేసింది: పడుకుంటే 2, దగ్గితే 8.

ఆ రెండో అంకెను డాక్టర్లు జ్వరం అంకెతో సమానంగా చదవాలి. దగ్గలేని మనిషి ఊపిరితిత్తుల అడుగుభాగాలు సరిగా విచ్చుకోవు. కఫం పేరుకుంటుంది, న్యుమోనియాకు దారి ఏర్పడుతుంది. నొప్పికి భయపడి మంచం దిగని మనిషికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పడుకున్నప్పుడు నొప్పి తగ్గిందా అన్న ప్రశ్నతో పని సగమే అయినట్టు. దగ్గగలుగుతున్నారా, ఒత్తిగిలగలుగుతున్నారా, బాత్‌రూమ్ దాకా నడవగలుగుతున్నారా అన్నవే అసలు ప్రశ్నలు.

సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమనడం అన్నిచోట్లా ఉన్న పద్ధతి. బడికి వెళ్లని పెద్దవాళ్లకు ఆ లెక్క ఎక్కకపోతే తెలివైన సిస్టర్లు రూపాయి లెక్క అడుగుతారు. భరించలేని నొప్పి పూర్తి రూపాయి అనుకుంటే ఇప్పుడెంత? “బారా ఆనే” అని ఒక తాత తడుముకోకుండా చెప్పాడు. మందు ఇచ్చాక అడిగితే “చార్ ఆనే” అన్నాడు. పన్నెండణాలు నాలుగణాలకు దిగిందంటే మందు పనిచేసినట్టే. మందు ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఇంజెక్షనైతే అరగంటలోపు, మాత్రైతే గంటకు మళ్లీ వచ్చి అడగడమూ అంతే ముఖ్యం. ఒకే సిస్టర్ వార్డంతా చూసుకునే రాత్రుల్లో ముందుగా జారిపోయేది ఈ రెండో అడగడమే.

రంజాన్ నెలలో పాతబస్తీ వార్డుల్లో ఇంకో సంగతి గమనించాలి. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. అయినా కొందరు పెద్దలు రోజా వదులుకోలేక, ఇఫ్తార్ దాకా మాత్ర మింగాల్సి రాకూడదని, నొప్పి లేదనేస్తారు. ఆ “లేదు” వెనక ఉన్నదేమిటో కనుక్కుని, ఇంటి పెద్దల చేత నచ్చజెప్పించే సిస్టర్ చేసేది కూడా వైద్యమే.

చిన్నపిల్లలు సూదికి భయపడి నొప్పిని దాస్తారు. అంకె చెప్పలేని పసివాళ్ల కోసం అమెరికాలోని మిషిగన్‌లో రూపొందించి 1997లో ప్రచురించిన ఫ్లాక్ స్కేల్ ఉంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు.

అంకె ఎంతన్నదే కాదు, ఎటు పోతోందన్నదీ చూడాలి. ఈ వ్యాసకర్త చూసిన కేసుల్లో ఒక కుర్రాడిది మరపురానిది. బండి మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగితే రాడ్ వేశారు. రాత్రి నొప్పన్నాడు, ఇంజెక్షన్ ఇచ్చారు. గంటకే మళ్లీ అరుపులు. కుర్రాడు ఓర్చుకోలేకపోతున్నాడని ఇంటివాళ్లే కేకలేశారు. సిస్టర్ వాళ్ల మాట మీద వెళ్లిపోలేదు. పాదం వేళ్లను మెల్లగా పైకి వంచి చూసింది. కెవ్వుమన్నాడు. పిక్క బిగిసి రాయిలా ఉంది. పాదంలో నాడి మాత్రం బాగానే అందుతోంది. అక్కడే చాలామంది మోసపోతారు, ఎందుకంటే నాడి అందకుండా పోయేది చివరి దశలో. అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. వాచిన కండరం తన పొరలోనే నలిగిపోతూ రక్తప్రసరణను అడ్డుకుంటుంది. ఆరు గంటలు దాటితే కండరం, నరం కోలుకోవడం కష్టం. సిస్టర్ ఫోన్ చేసి, మందు ఇచ్చినా నొప్పి పెరుగుతోందని, వేళ్లు వంచితే భరించలేకపోతున్నాడని వివరంగా చెప్పింది. ఆ రాత్రే థియేటర్‌కు తీసుకెళ్లి కండరాల మీది పొర చీల్చారు. కాలు దక్కింది.

అంకెను వెంటాడటంలోనూ ప్రమాదముంది. అమెరికాలో 1990ల్లో నొప్పిని నాడి, జ్వరం, శ్వాస, బీపీల తర్వాత అయిదో కొలతగా చూడాలన్న ఉద్యమం నడిచింది. అది మార్ఫిన్ జాతి మందుల అతివాడకానికి తోడ్పడిందన్న విమర్శలు రావడంతో 2016లో అక్కడి వైద్యుల సంఘమే ఆ మాటను వదిలేయాలంది. అందుకే మార్ఫిన్ లాంటిది ఇచ్చాక సిస్టర్ నొప్పితోపాటు మత్తు ఎంతుందో, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో కూడా రాసుకుంటుంది.

ఊపిరిని కాపలా కాయడంలో హైదరాబాద్‌కు పాత చరిత్రే ఉంది. 1888, 1889ల్లో మత్తుమందు క్లోరోఫాం మీద ఇక్కడ పనిచేసిన కమిషన్లు నాడి కన్నా శ్వాసనే కనిపెట్టుకుని ఉండాలని తేల్చాయి. వాటిని నడిపించింది ఎడ్వర్డ్ లారీ. ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూంజీ మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఒకరు. కమిషన్ల ఖర్చు భరించింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయగలదని లండన్‌లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు 1911లో చూపాయి. గుండెకు నేరుగా ముప్పు లేదన్న లారీ వాదన అక్కడ వీగిపోయింది. శ్వాసను గమనించాల్సిన అవసరం మాత్రం తీరలేదు.

ఆస్పత్రిలో అటెండెంట్లుగా ఉండేవాళ్లకు ఒక విన్నపం. సిస్టర్ నొప్పి గురించి అడిగితే పేషెంటు బదులు మీరు జవాబివ్వకండి. ముందు వాళ్లను చెప్పనివ్వండి. రాత్రి ఎన్నిసార్లు మూలిగారో, ఒత్తిగిలేటప్పుడు ఎక్కడ పట్టుకున్నారో మీరు చూసే ఉంటారు, అది తర్వాత చెప్పండి. మందు ఇచ్చినా నొప్పి పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే మళ్లీ పిలవండి.