బంగారుపాపయు నేనును

ఈ సంచికకు ఏదేని వ్రాయుమని కోరినపుడు, నేను బోధనాపద్ధతులను గూర్చి వ్రాయుదునని సంపాదకులవారు తలంచియుందురు. నా మనస్సు సినిమాల మీదికి పోయినది. విద్యార్థులు నవ్వుకొందురు గాక!

'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డిగారు 1908లో మన పులివెందుల తాలూకా కొత్తపల్లెలో జన్మించిరని మీలో ఎంద ఱెఱుగుదురో చెప్పలేను. లోకము వారిని 1951 నాటి ఆ చిత్రముతోనే తలచుకొనును. భానుమతిగారి గాత్రమునకు, కృష్ణశాస్త్రిగారి పాటలకు నేనును వశుడనే. అయినను నాకు ప్రియమైనది 1955లో వచ్చిన 'బంగారుపాప'.

నా పదియవ యేట జమ్మలమడుగులో పొరుగువారి వసారాలో కూర్చుండి దూరదర్శన్‌లో దానిని మొదట చూచితిని. మా తండ్రిగారు గుంట మగ్గముపై చీరలు నేసి మమ్ము పోషించినవారు. సినిమా లనిన వారికి గిట్టదు. చేయని దొంగతనమునకు చెఱసాల కేగి, పగతో తిరిగివచ్చిన కోటయ్య, గాలివానలో దొరికిన పసిబిడ్డను ఆ మోటు చేతులతో ఎత్తుకొనినపుడు, మా తండ్రిగారు తుండుగుడ్డతో కన్ను లొత్తుకొనిరి. ఎస్.వి. రంగారావుగారిని మాయాబజారు ఘటోత్కచుడుగా మాత్రమే ఎఱిగిన నాకు ఆ కోటయ్యయు, ఆ కన్నీరును రెండును వింతయే.

ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు ఆ చిత్రమునకు మూలమైన ఆంగ్ల నవల చేత బడినది. అది జార్జి ఇలియట్ 1861లో ప్రకటించిన 'సైలాస్ మార్నర్'. అందలి కథానాయకుడు నేతగాడు! సంఘపు సొమ్ము దొంగిలెనని నిందపడి, ఊరు విడిచి, మగ్గమే లోకముగా బంగారు నాణెములు కూడబెట్టును. అవియు దొంగలపాలగును. ఒక మంచు రాత్రి పొయ్యి యొద్ద మెఱయుచున్నదానిని చూచి, పోయిన బంగారమే తిరిగివచ్చినదని చేయి చాచును; వ్రేళ్లకు పసిపాప ముంగురులు మెత్తగా తగులును. తెలుగుదేశమున అట్టి మంచెక్కడిది? రచయిత పాలగుమ్మి పద్మరాజుగారు గాలివానను తెచ్చిరి. 'గాలివాన' యను కథకే 1952లో ప్రపంచ కథానికల పోటీలో బహుమతి నందినవారికి అది కష్టమా!

ఇంతవరకు చెప్పుట సులభము. ఇక చెప్పవలసినది వేఱొకటి యున్నది.

పదేండ్ల క్రిందట నేను వేఱొక బడిలో పనిచేయుచుండగా పదవ తరగతి పరీక్ష రుసుము సొమ్ము కొంత కనబడలేదు. నా అనుమానము ఒక నేతగాని కుమారునిపై పోయినది. ఏల యనిన, వాడు బీదవాడు. అంతకు మించి కారణము లేదు. తరగతి యెదుట వాని సంచి బోర్లించితిని. పుస్తకములును, సద్ది గిన్నెయు పడినవి. "నేను తీయలేదు సార్" అని ఒక్కసారి మాత్రమే అనెను. మూడవ నాడు ఆ నోట్లు నా హాజరు పట్టీలోనే, అట్ట మడతలో దొరకినవి. అప్పటికే వాడు బడికి వచ్చుట మానెను. రెండు మాఱులు వారి యింటికి పోతిని. ప్రొద్దుటూరులో మేనమామ యొద్ద పనికి చేరెనని తల్లి చెప్పినది. నేను ప్రొద్దుటూరు పోలేదు. దూరము కాదు, సిగ్గు.

ఇప్పుడు 'బంగారుపాప' నా చేతిలోని ఫోనులోనే దొరకును. కాని కోటయ్యపై నిందను గూర్చిన మాట వచ్చినచోట దానిని ఆపివేయుట నాకు అలవాటైనది.

గడచిన వేసవిలో, కుమార్తె గొలుసు అతికించుటకై ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి పోయితిని. ఒక కంసాలి పనికొట్టులో నలుగురు కూర్చుండిరి. వారిలో ఒకడు చిమటాతో సన్నని తీగె పట్టి, చిన్న త్రాసులో తూచుచుండెను. తల యెత్తి నన్ను చూచి, లేచి నిలిచి, "సార్, కూర్చోండి" అని తన పీట జరిపెను. వాడే!

గొలుసు మాట మఱచితిని. ఆ సొమ్ము నా పట్టీలోనే దొరకినదని, తప్పు నాదని, అందఱి యెదుటనే చెప్పితిని. నాడు వాని సంచి బోర్లించినదియు అందఱి యెదుటనే గదా!

వాడు కొంతసే పూరకుండి, "ఏ డబ్బు సార్?" అనెను. నిజముగా మఱచెనో, నా ముఖము చూచి మఱచినట్లు నటించెనో నే నెఱుగను. గొలుసు పుచ్చుకొని, తూచి, ఆ బరువు కాగితముపై వ్రాసి నా చేతి కిచ్చెను.