మూల మసకబారకూడదంటే...

అందరూ ఫోన్లతోనే ఫోటోలు తీసుకుంటున్న ఈ రోజుల్లో డార్క్‌రూమ్ ఏంటి, దానికోసం ఊరెళ్ళి చెక్కపని చేయడమేంటి అని మా టీమ్‌లో వాళ్ళు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఈ టపా ఆ చెక్క గురించే.

దివిసీమ చివర, హంసలదీవి దగ్గరున్న పాలకాయతిప్ప మా అమ్మమ్మగారి ఊరు. తాతయ్యకి గుడివాడలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇళ్ళతోపాటు గోడల మీది ఫోటోలూ కొట్టుకుపోయాయి. గుడివాడలో ఉన్న నెగటివ్‌లు మాత్రం మిగిలాయి. వాటిలో 1976లో తీసిన పెళ్ళి గ్రూపు ఫోటో ఒకటి. కుడి చివర నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్ల ఉప్పెనలో పోయింది. ఆమె ఫోటో ఇంకెక్కడా లేదు. తమ్ముడికి ఇప్పుడు యాభై దాటాయి. "ఎవరెలా వచ్చినా ఫర్లేదు, మా అక్క మొహం తేటగా రావాలి అబ్బాయ్" అన్నాడు ఆ బాబాయి.

స్కాన్ చేసి ప్రింటు తీయించొచ్చుగా అంటారా? స్కానూ చేశాను. కానీ ఆయనకి కావలసింది అప్పట్లో గోడ మీదుండే లాంటి ఫోటో.

సెకండ్ హ్యాండ్ ఎన్‌లార్జర్ ఒకటి దొరికింది. దాని అడుగు పలక అప్పటికే తేమకి ఉబ్బిపోయి ఉంది. ఎన్‌లార్జర్‌లో నెగటివ్, లెన్సు, కాగితం మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. తేడా వస్తే నడుమ బాగానే ఉంటుంది, అంచులు మసకబారతాయి. మన పిల్ల ఉన్నది అంచులోనే మరి!

పలక అద్దంలా ఉండాలని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అంత అక్కర్లేదు. కాగితం కింద ఒక మిల్లీమీటరు ఎగుడుదిగుడు కంటికి ఆనదు. అసలు గొడవంతా స్తంభం పాదం దగ్గరే. పాదం వెడల్పు 10 సెం.మీ. అనుకోండి. దాని కింద చెక్క ఒకవైపు 4 మి.మీ. ఉబ్బితే, 25 సెం.మీ. కాగితానికి ఈ చివరా ఆ చివరా 1 సెం.మీ. తేడా వస్తుంది. 80 సెం.మీ. పైనున్న తల 3 సెం.మీ. పక్కకి జరుగుతుంది. పాదం కింద చెక్క మెత్తబడితే తల ఊగుతుంది కూడా, 15 సెకన్ల ఎక్స్‌పోజర్ అయ్యేదాకా!

అందుకని 60 × 50 సెం.మీ. మెరైన్ ప్లైవుడ్ ముక్కలు రెండు తెచ్చాను, ఒక్కోటీ 19 మి.మీ. మందం. వాటిని ఫెవికాల్‌తో అతికించి, మట్టం చూసిన కడప బండ మీద పెట్టి, పైన బియ్యం బస్తాలెత్తి ఒక రోజు వదిలేశాం. సన్‌మైకా రెండువైపులా వేయించాను. ఒకవైపే వేస్తే రెండు ముఖాలూ తేమని ఒకేలా పీల్చవు, పలక విల్లులా వంగుతుంది. అంచులకి వార్నిష్ పట్టించాను. స్తంభాన్ని మరమేకులతో కాకుండా బోల్టులతో బిగించి, కింద ఇనుప పలక వేయించాను, బరువు ఒకేచోట పడకుండా.

మూడు కాళ్ళ పీట ఊగదు గానీ పక్కకి ఒరుగుతుంది. అందుకే నాలుగు కాళ్ళు పెట్టి, ఒకదానికి సర్దుకునే మర పెట్టించాను. "ఇంత బల్లకి ఇంత గోలేంటి బాబూ" అంటూనే వడ్రంగి మేస్త్రి రెండు బద్దలు రెండు అంచుల మీదా పెట్టి, ఒక కన్ను మూసి చూసి మెలిక లేదని తేల్చేశాడు. నా స్టీలు స్కేలూ అదే చెప్పింది :)

ఆఖరి పరీక్షగా, పాడైన నెగటివ్ మీద సూదితో నాలుగు మూలలా గీతలు గీసి వెలుగు వేస్తే నాలుగూ పదునుగా పడ్డాయి. ఆ తర్వాతే పెళ్ళి ఫోటో పెట్టాను, ఫ్యాన్ ఆపేసి. పిల్ల జడకున్న రిబ్బను ముడి కూడా కనిపించింది. బాబాయి ఇంకో కాపీ అడిగాడు, కూతురికట.

మీ ఇళ్ళల్లోనూ పాత నెగటివ్ డబ్బాలుంటాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాటిని అటక మీద ఉక్కలోంచి తీసి, పొడిగా ఉండేచోట పెట్టండి. ప్రింట్లు ఎప్పుడైనా వేసుకోవచ్చు. నా దగ్గర ఇంకా నలభై నెగటివ్‌లున్నాయి.