మూడో పిన్ను

మా గూడెంలో ఇంటింటికీ మీటర్లు పెట్టినప్పుడు ఒక బల్బు, ఫోను ఛార్జింగుకు ఒక పాయింటు ఇచ్చారు. ఆ రాత్రి మా అవ్వ బల్బు కింద కూర్చుని పదింటి దాకా ఇప్పపువ్వు ఏరింది. మా ఇంట్లో అంతసేపు వెలుతురు ఉండటం అదే మొదలు.

ఒక్క పాయింటు ఎన్నాళ్లు సరిపోతుంది? ఫ్యాను వచ్చింది, టీవీ వచ్చింది, మిక్సీ వచ్చింది. సంతలో రెండు తీగల వైరు, చెక్క బోర్డు, సాకెట్లు కొని నేనే లాగాను. మట్టి గోడకు మేకు నిలవదు. అందుకని వైరును నిట్టాడికి చుట్టి, వాసాల మీదుగా పెరటి పాక దాకా తీసుకెళ్లాను. అతుకుల దగ్గర టేపు అయిపోతే ప్లాస్టిక్ కవరు చుట్టాను. ఇనుప టేబుల్ ఫ్యాను ప్లగ్గుకు మూడు పిన్నులు, నా సాకెట్టుకు రెండే రంధ్రాలు. కటింగ్ ప్లేయరుతో పై పిన్ను విరిచేశాను. డి.ఎడ్. చదివినవాణ్ని, ఇదెంత పని అనుకున్నాను. "బావా, మా ఇంట్లో కూడా ఒకటి పెట్టవా" అని అడిగితే మరో మూడిళ్లలో పెట్టాను.

తర్వాతి జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. ఇంట్లో నేలంతా చెమ్మ. ఏడో తరగతి చదివే మా మేనల్లుడు బడి నుంచి తడిసి వచ్చి ఫ్యానును తన వైపు తిప్పుకోబోయాడు. చెయ్యి అతుక్కుపోయింది. నోట మాట రాలేదు. వాణ్ని పట్టుకోబోయిన అవ్వను మా చెల్లి వెనక్కి లాగి, మూలనున్న ఎండు రోకలితో వైరును కొట్టింది. ప్లగ్గు ఊడి వచ్చింది. పిల్లాడు బతికాడు. వాడి అరచేతిలో కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. బోర్డు మీద మూడు పిన్నుల ప్లగ్గు బొమ్మ గీసి పాఠం చెప్పేది నేనే. పై పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా, లావుగా ఉంటుంది. సాకెట్లోకి ముందు అదే తగులుతుంది. అది ఎర్తు. లోపలి తీగ ఒరుసుకుపోయి ఫ్యాను ఇనుముకు తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి అదే దారి. నేను ఆ దారి తెంపేశాను. మిగిలిన దారి పిల్లాడి ఒళ్లే.

ఎంసీబీ ఉందిగా అంటారు. అది ముఖ్యంగా వైరు కాలిపోకుండా చూసేది. 6 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి ప్రాణం తీయడానికి అందులో చిన్న భాగం చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లు బయటికి కారినా సరఫరా ఆపేస్తుంది.

తెలిసీ ఎందుకు చేశాను? మా వాళ్లందరి భయమే నాదీ. కరెంటు కన్నా కరెంటాఫీసంటే మాకు భయం ఎక్కువ. అడిగితే జరిమానా రాస్తారేమో, మీటరు పీకుతారేమో అని దాచుకుంటాం. దాచిన వైరును ఎవరూ పరీక్షించరు.

ఆ భయం పోవాలంటే చట్టం తెలియాలి. స్తంభం తీగకు కొక్కెం వేసి మీటరు లేకుండా వాడుకుంటే అది దొంగతనం. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీటరు దాటాక మన ఇంట్లో ఇంకో సాకెట్ పెట్టుకోవడం దొంగతనం కాదు. అయితే కొత్త వైరింగు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే చేయించాలని నిబంధన. బల్బు, ఫ్యూజు, స్విచ్చి పాతది తీసి అలాంటిదే పెట్టుకోవడం వరకు మనం చేసుకోవచ్చు. నేను నాలుగిళ్లలో చేసింది ఆ గీత దాటిన పని. మీటరే లేని ఇంటికీ హక్కుంది. కొత్త లైను వేయనక్కర్లేని చోట, దరఖాస్తు చేసిన నెలలోపు కనెక్షన్ ఇవ్వాలని అదే చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తు రాయడం వచ్చిన యువకులు గూడేనికి ఒక్కరున్నా చాలు.

తర్వాత ఆ మూడిళ్లకూ వెళ్లి, నేను పెట్టిన బోర్డులు నా చేత్తోనే తీసేశాను. ఒక మావ కోప్పడ్డాడు. "ఇచ్చింది నువ్వే, తీసేది నువ్వేనా?" అన్నాడు. జరిగింది చెప్పాను. నలుగురం కలిసి లైసెన్సున్న మనిషిని పిలిపించాం. పంట డబ్బు చేతికి రావాల్సి ఉండి, మావ ఇంటి పని రెండు నెలలు ఆగింది. అన్ని రోజులూ వాళ్ల ఇంట్లో ఫ్యాను తిరగలేదు. ఉక్కపోతలో నన్ను తిట్టుకునే ఉంటాడు.

ఇప్పుడు ఏటా వానలకు ముందు నా తరగతి పిల్లలకు ఒకే ఇంటిపని ఇస్తాను. ఇంట్లో ఏ ప్లగ్గుకు పై పిన్ను లేదో, ఏ అతుకు తేలి ఉందో, మెయిన్ స్విచ్చి ఎక్కడుందో చూసి రాసుకు రావాలి. దేన్నీ ముట్టుకోకూడదు. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపాలని, అది అందకపోతే ఎండు కర్రతోనే విడిపించాలని, ఒట్టి చేత్తో పట్టుకోవద్దని నోటికి వచ్చేదాకా చెప్పిస్తాను. టీచర్లందరూ ఈ పని ఇవ్వొచ్చు. ఖర్చేమీ లేదు.

మా పెరట్లో ఇప్పుడు ఎర్తు గుంత ఉంది. బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపారు. ఎండాకాలం నేల ఎండితే ఎర్తు సరిగా పని చేయదని చెప్పాను. అప్పటి నుంచి అవ్వ రోజూ దాంట్లో ఓ చెంబు నీళ్లు పోస్తోంది. నేను మరిచినా ఆమె మరవదు.