మీటర్ల లెక్క

మా బాపు భివండిలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. పద్మనగర్‌లో మాది ఒక్క గది ఇల్లు. పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో ఉండి బాపుకి సరిగ్గా వినపడదు. మాట కూడా తక్కువే. పగారు రోజు కార్ఖానాలో చెప్పే లెక్క, తను నేసినదానికన్నా తక్కువని తెలిసినా "పోనీ తియ్ బిడ్డా" అంటాడు. అది నాకు పిరికితనంగా అనిపించేది.

ఈ ఏడాది పత్రికల చరిత్ర చదువుతుంటే గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868) గారి గురించి తెలిసింది. మద్రాసులో బట్టలు, నీలిమందు అమ్మే తెలుగు వ్యాపారుల కుటుంబం వాళ్లది. 1844లో ఆయన 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, కంపెనీ పాలనలో జనం పడే బాధలను బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీగా పంపారు. శిస్తు కట్టలేని రైతుల వేళ్లను అప్పట్లో కర్రల మధ్య పెట్టి నొక్కేవాళ్లట. నడుం వంచి కట్టేసి ఎండలో ఉంచేవాళ్లట. 1853లో డాన్‌బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే, శెట్టిగారు ఆయన్ను జిల్లాలకు తీసుకెళ్లి, బాధలు పడ్డవాళ్ల నోటనే చెప్పించారు. 1854లో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. హింస నిజమేనని 1855 నివేదిక ఒప్పుకుంది. 1863లో ఆయన మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు.

నా ఆలోచన మాత్రం ఆ రైతుల దగ్గరే ఆగిపోయింది. వాళ్లూ ఎన్నేళ్లు "పోనీ" అనుకున్నారో! వాళ్లు పిరికివాళ్లు కాదు. అడిగి, విని, రాసేవాళ్లు లేరు, అంతే. డిగ్రీ దాకా వచ్చిన నేను "ఇయ్యాల ఎన్ని మీటర్లు బాపూ?" అని ఒక్కసారైనా అడిగానా?

దసరా సెలవుల్లో ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కుని వెళ్లాను. షిఫ్టు దిగి రాగానే అడిగి, తేదీ వేసి రాసేదాన్ని. "రాస్తే ఏమైతది?" అని బాపు నవ్వాడు. నా దగ్గర జవాబు లేదు. పగారు నాడు చూస్తే వాళ్ల లెక్కకీ మా లెక్కకీ నలభై మీటర్ల తేడా. బాపు చాలాసేపు పుస్తకం చూసి జేబులో పెట్టుకున్నాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. నాకు కోపమొచ్చింది. ఆ కోపంతోనే హాస్టల్‌కి వచ్చేశాను.

మొన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, ఆ పుస్తకం నిండింది. వచ్చేటప్పుడు ఇంకోటి తే."

నేను వచ్చాక తనే రాస్తున్నాడన్నమాట!

"వాళ్లకు చూపించినవా బాపూ?" గట్టిగా అడిగాను.

వినపడిందో లేదో మరి. "ఈసారి పెద్దది తే" అన్నాడు.