మా చిన్నాయన ఎడ్లు, నా ఎక్సెల్ షీటు

మా చిన్నాయనకి ఇద్దరు కొడుకులు, ఒక జత ఎడ్లు. కొడుకుల గురించి అడిగితే "బాగానే ఉండారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఎడ్ల గురించి అడిగితే మాత్రం కుర్చీ తెప్పిస్తాడు, కాఫీ పెట్టమంటాడు. అక్కడితో మన సాయంత్రం అయిపోయినట్టే.

ఊరు నెల్లూరు జిల్లాలో, సముద్రానికి దగ్గర్లో. మధ్యలో బకింగ్ హామ్ కాలవ. కాలవకి ఇవతల వరి, అవతల రొయ్యల గుంటలు. 2023 జనవరిలో మా ఆఫీసు వాళ్ళు ఇంకా ఇంటి నుంచి పని చేయనిస్తున్నారు. సంక్రాంతికని బెంగుళూరు నుంచి వెళ్ళినవాణ్ణి ఉగాది దాటేదాకా అక్కడే ఉండిపోయాను. ఆ మూడు నెలలూ మా చిన్నాయన ఎడ్ల వెనకాల బండలాగుడు పందేలకి తిరిగాను. ఆ సంగతే ఇది. చివర్లో మీకో పని కూడా చెప్తాను, మధ్యలో పారిపోవద్దు :)

పందెం ఎప్పుడూ చూడని వాళ్ళ కోసం కాస్త వివరం. ఒక పెద్ద రాతిబండ. దాన్ని మోకుతో కాడికి కడతారు. కొలిచి గీతలు గీసిన బాటలో ఎడ్లు ఆ చివరికి లాగాలి, అక్కడ తిప్పి మళ్ళీ ఈ చివరికి లాగాలి. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత లెక్క. చివర్లో అంగుళాల దగ్గర కూడా కొట్లాటలు అవుతాయి. వయసుని బట్టి విభాగాలుంటాయి, ఆ వయసుకి సర్టిఫికెట్ పళ్ళే. పశువుకి పై దవడలో ముందు పళ్ళు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు ఊడి జత జతగా కొత్తవి వస్తాయి. అందుకే విభాగాల పేర్లు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్లు. పందెం ముందు నోరు తెరిచి చూస్తారు. డేట్ ఆఫ్ బర్త్ మార్చుకోవడాలు ఇక్కడ కుదరవన్నమాట.

మా వాళ్ళవి ఆరు పళ్ళు. దాపటిది కాస్త దూకుడు, వలపటిది నెమ్మది. నెమ్మదిదే అసలు బలం అని చిన్నాయన లెక్క. తెల్లారుజామున రెండిటినీ సముద్రం ఒడ్డున వదులు ఇసకలో నడిపించేవాడు. వచ్చాక ఒళ్ళు కడిగి, నానబెట్టిన ఉలవలు పెట్టేవాడు. నేను లాప్ టాప్ తెరిచి స్టాండప్ కాల్ లో చేరే టైముకి వాటి ఉదయం షిఫ్ట్ అయిపోయేది.

మన బుద్ధి ఊరుకోదు కదా. మొదటి పందేనికే ఫోన్ లో స్టాప్ వాచ్ పెట్టి ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. బండ బరువు, బాట పొడవు, నిమిషానికి ఎన్ని అడుగులు, మలుపు దగ్గర ఎన్ని సెకన్లు. ఒక విషయం వెంటనే తేలింది. లాగే వేగంలో మాకూ మొదటి ప్రైజ్ వాళ్ళకీ పెద్ద తేడా లేదు. మలుపుల్లో పోతోంది టైమంతా. ఆ మాట చెప్తే చిన్నాయన నవ్వి "ఏంది అబ్బయ్యా, ఇందుకా నువ్వు ఇంజనీరింగ్ చదివింది?" అన్నాడు. కానీ మర్నాటి నుంచీ మలుపు సాధన చేయించాడు. శివరాత్రి పందెంలో మొదటి ప్రైజ్ మాదే. ఊళ్ళో నా పరపతి ఎక్కడికో వెళ్ళిపోయింది. మా ఆఫీసులో ఏ రిలీజ్ కీ అంత పేరు రాలేదు.

ఆ తర్వాతి పందెంలో నాలుగో స్థానం. షీట్ చూస్తే మొదటి పది నిమిషాలూ బాగానే ఉంది, చివర్లో పడిపోయింది. దాణా మార్చాలా, నేల గట్టిగా ఉందా, ఎండ ఎక్కువైందా అని నేను గ్రాఫులు గీస్తూ కూర్చున్నాను.

ఉగాది పందెం ప్రకాశం జిల్లాలో. మిగతా వాటికంటే పెద్దది. ముందు రోజు సాయంత్రానికే మినీ లారీలో చేరిపోయాం. ఊరి నుంచి ఇరవై మంది దాకా వచ్చారు. రాత్రి భోజనాలయ్యాక చూస్తే చిన్నాయన వలపటి ఎద్దు ఎదురుగా గొంతుక్కూచుని ఉన్నాడు. గంటసేపు అట్లాగే ఉన్నాడు. ఏమైందంటే "నెమరు వెయ్యటంలా" అన్నాడు.

నేను చూశాను. ఎద్దు నిలబడి ఉంది. కుంటడం లేదు, జ్వరం ఉన్నట్టు లేదు. ప్రయాణం బడలిక అన్నాను. కాదన్నాడు. "రేపు కట్టబాకండి" అన్నాడు మా వాళ్ళతో.

అందరూ ఒక్కసారిగా లేచారు. ఫీజు కట్టాం, లారీ మాట్లాడాం, ఇంత దూరం వచ్చాం అని. వాళ్ళ సంగతి వదిలేయండి. నేనేమన్నానో చెప్పాలి. "నొప్పికి ఒక ఇంజెక్షన్ చేయిస్తే రేపొక్క రోజుకి సరిపోతుంది కదా చిన్నాయనా" అన్నాను. తప్పుగా అన్నానని కూడా అప్పుడు తోచలేదు. ఎందుకంటే నేను చేసేది అదే. డోలో వేసుకుని రిలీజ్ రాత్రులు కూర్చున్న వాళ్ళం కాదూ మనమంతా?

ఆయన కోప్పడలేదు. "నొప్పి తెలవకుండా లాగించేదానికి ఎద్దు దేనికి, ట్రాక్టరు తెచ్చుకుంటే పోలా" అన్నాడంతే.

పొద్దున్నే జతని లారీ ఎక్కించాం. మైకులో మా చిన్నాయన పేరు రెండుసార్లు పిలిచారు. పక్క ఊరి వాళ్ళు భయపడి పోతున్నారని అరిచారు. దారి పొడుగునా మా వాళ్ళెవరూ ఆయనతో మాట్లాడలేదు. ఊరికొచ్చాక పశువుల డాక్టర్ గారు వచ్చి లాడం తీయించి చూస్తే, డెక్క లోపల చీము పట్టి ఉంది. ఎన్నాళ్ళుగానో మరి. నా గ్రాఫు కింద పడటం మొదలైన రోజు నుంచీ అయ్యుండొచ్చు. దాన్ని మేము మొదటి ప్రైజ్ కోసం మలుపుల్లో ఇంకా వేగంగా తిప్పుతున్నాం.

తర్వాత చదివితే తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న పశువు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా నెమరేస్తుంది. నొప్పి ఉన్నా జ్వరం ఉన్నా ముందు అదే తగ్గుతుంది. డెయిరీల్లో ఆవుల మెడకి నెమరు లెక్కపెట్టే కాలర్లు కడుతున్నారు, యాప్ లో అలర్ట్ వస్తుంది. మా చిన్నాయన దగ్గర ఆ యాప్ ఎప్పట్నుంచో ఉంది. నా షీట్ లో పద్నాలుగు కాలమ్స్ ఉన్నాయి, ఆ ఒక్క కాలమ్ లేదు.

ఇంతకీ ఈ పందేలు అవసరమా అని అడిగే వాళ్ళుంటారు. నేనూ అడిగేవాణ్ణే. మా డెల్టాలో సంక్రాంతికి పంట ఇంటికి రాదు. కోతలు ఫిబ్రవరి, మార్చిల్లో. ఒకప్పుడు ఆ ధాన్యం బస్తాలు ఇంటికి చేర్చింది ఈ ఎడ్లే. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను, మోసేదీ ట్రాక్టరే. ఎద్దుకి మిగిలిన ఉద్యోగం పందెం ఒక్కటే. ఆ ఉద్యోగం కూడా తీసేస్తే ఉలవలు పెట్టి ఎవరు మేపుతారు? చాలా దూడలకి దారి కబేళా వైపే.

పోనీ, దీని విలువ తెలిసిన వాళ్ళు లేరా అంటే ఉన్నారు, బ్రెజిల్ లో. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే 19వ శతాబ్దంలో మన తీరం నుంచి వెళ్ళిన ఈ జాతికి అక్కడ నెలోరె అన్న పేరు స్థిరపడింది. 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది నుంచి వెళ్ళిన గిత్తని ఊరి పేరుతోనే పిలిచారు, దాని సంతతి అక్కడ పెద్ద వంశమైంది. బ్రెజిల్ లో ఉన్న 20 కోట్ల పైచిలుకు పశువుల్లో ఎక్కువ భాగం నెలోరె, లేదంటే దాని కలగలుపు. 2023లో వయాటినా-19 అనే నెలోరె ఆవులో వాటా అమ్మితే, ఆ లెక్కన దాని మొత్తం ధర 40 లక్షల డాలర్లు దాటింది. కానీ వాళ్ళు పెంచేది ముఖ్యంగా మాంసానికి. మనం గర్వంగా ఫార్వర్డ్ చేసుకునే మెసేజీల్లో ఈ ముక్క ఉండదు. 2002లో హైదరాబాదు జాతీయ క్రీడలకి ఒంగోలు గిత్తని మస్కట్ చేసుకున్నాం, వీర అని పేరు పెట్టుకున్నాం. మా జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్ ఉంది. అవన్నీ మంచివే. కానీ పల్లెలో ఒక రైతు రోజూ మేపడానికి ఒక కారణం కావాలి కదా.

అలాగని పందెంలో హింస లేదని నేను చెప్పను. చూశాను. చెర్నాకోల దెబ్బలు చూశాను, ముల్లుగర్ర పోట్లు చూశాను. మేకులున్న కర్ర వాడకూడదని 1965 నాటి నిబంధనల్లోనే ఉంది. సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు, ఎడ్లబండి పందేలు కూడదంది. 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకున్న సవరణ చట్టాలని సమర్థించింది. రెండు తీర్పులూ మా ఊరి అరుగు మీద చర్చకొచ్చాయి. ఉంచాలా తీసేయాలా అని రెండు గంటలు వాదించుకున్నారు. ఎట్లా నడపాలి అని మాత్రం ఎవరూ అడగలేదు.

దీనికి నాకు జవాబు దొరికింది గుర్రాల దగ్గర. టోక్యో ఒలింపిక్స్ (జరిగింది 2021లో) ఈవెంటింగ్ పోటీల్లో మన బెంగుళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా 23వ స్థానంలో నిలిచాడు, గుర్తుందా? ఆ ఆటలో మూడు అంకాలు. ముందు డ్రస్సాజ్, అంటే గుర్రం నడకల ప్రదర్శన. తర్వాత క్రాస్ కంట్రీ పరుగు, చివర్లో అడ్డంకుల మీద దూకడం. ఆఖరి అంకానికి ముందు ప్రతి గుర్రాన్నీ న్యాయనిర్ణేతల ముందు, పశువైద్యుల ముందు కాస్త పరుగెత్తిస్తారు. కుంటితే ఇంటికే, రౌతు ఎంత గొప్పవాడైనా సరే. కొరడా ఎన్నిసార్లు వాడొచ్చో దానికీ లెక్కుంది. అయినా అదే ఒలింపిక్స్ లో జెట్ సెట్ అనే స్విస్ గుర్రం క్రాస్ కంట్రీలో కాలు దెబ్బ తగిలి, చివరికి దానికి మరణమే ఇవ్వాల్సి వచ్చింది. నిబంధనలుంటే అన్నీ సరిపోతాయని కాదు. కానీ "ఈ జంతువు ఈ రోజు లాగగలదా" అని యజమాని కాక ఇంకొకరు అడిగే ఏర్పాటు అక్కడ ఉంది. మేము తిరిగిన పందేల్లో పళ్ళు చూశారు గానీ కాళ్ళు ఎవరూ చూడలేదు. మా ఎద్దుకి ఆ ప్రశ్న అడిగేవాడు యజమాని రూపంలోనే దొరికాడు. అదృష్టం. అన్ని ఎద్దులకీ మా చిన్నాయన ఉండడు కదా.

ఇప్పుడు మీకు చెప్తానన్న పని. ఈ పందేల ప్రైజులు ఎవరిస్తున్నారో ఫ్లెక్సీల మీద చదివారా? బోలెడు పేర్ల కింద అమెరికా అనో, బెంగుళూరు అనో, సాఫ్ట్ వేర్ అనో ఉంటుంది. అంటే మనమే. నాన్న పేరు మీద మొదటి బహుమతి, తాతయ్య జ్ఞాపకార్థం రెండోది. ఈసారి చందా అడిగితే ఇవ్వండి. కానీ రెండు షరతులు పెట్టండి. పందెం ముందు పళ్ళతో పాటు కాళ్ళు కూడా చూసే పశువుల డాక్టర్ ఉండాలి, ఆయన వద్దన్న జతని దింపకూడదు. ముల్లుగర్ర కనపడితే ఆ జత పోటీలో లేనట్టే. డబ్బిచ్చే వాడి మాట వినక ఏం చేస్తారు? ప్రాజెక్టుల్లో క్లయింట్ మాట మనం వినటంలా?

2024 సంక్రాంతికి మా ఊరి కమిటీకి నేను ఇదే చెప్పాను. డాక్టర్ గారి ఖర్చు నాదన్నాను. కొంతమంది గొణిగారు. రెండు జతలని ఆయన వెనక్కి పంపితే ఒకాయన నాతో మాట్లాడటం మానేశాడు, ఇప్పటికీ మాట్లాడడు.

మా వలపటి ఎద్దు డెక్క మానింది, పందేనికి మాత్రం మళ్ళీ కట్టలేదు. కొనేదానికి ఇద్దరొచ్చారు. వాళ్ళు ఎక్కడికి తోలుకుపోతారో తెలిసి చిన్నాయన పంపించేశాడు. దాని ఉలవల ఖర్చు నేను పంపుతున్నాను. అది పుణ్యం కోసమేం కాదు, ఆ రాత్రి నేనన్న ఇంజెక్షన్ మాటకి కడుతున్న వాయిదా. మొన్న ఫోన్ చేసి ఎట్లా ఉందని అడిగితే "పడుకోని నెమరేస్తా ఉండాది, నువ్వు అన్నం తిన్నావా?" అన్నాడు.

టైము చూస్తే రాత్రి పదకొండు. నేను ఇంకా ఆఫీసులోనే ఉన్నాను.