పదిమందికి ఆరు దుంపలు

ఆదివారం పొద్దున్నే న్యూజెర్సీ నుంచి మా అమ్మాయి ఫోను చేసింది.

"అమ్మా! జులై 4న వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవం కదా, పక్కింటివాళ్ళు పిక్నిక్కుకి పిలిచారు. పొటాటో సలాడ్ అని పెట్టారు. చూడటానికి అచ్చం నువ్వు చేసే దుంపల పెరుగుపచ్చడే! నోట్లో పెట్టుకుంటే మాత్రం కాదు."

ఎలా అవుతుంది చెప్పండి? అమెరికా వాళ్ళు ఉడికిన దుంపల్లో పెరుగు బదులు మయొనేజ్ కలుపుతారు. అంటే గుడ్డు సొన, నూనె, కాస్త పులుపు వేసి చిక్కగా గిలక్కొట్టిన ముద్ద. ఇంగువ పోపు ఊసే ఉండదు. దుంప మాత్రం ఒకటే. దక్షిణ అమెరికా కొండల్లో పుట్టి, ఓడలెక్కి మన దేశం వచ్చి, ఒకచోట బంగాళాదుంప, ఒకచోట ఆలుగడ్డ, ఇంకోచోట ఉర్లగడ్డ అనిపించుకుంటూ మన వంటిళ్ళలో స్థిరపడిపోయింది.

"ఈసారి మన పచ్చడి నేను పట్టుకెళ్తాను. కొలతలు చెప్పు" అంది అమ్మాయి.

ఆ పచ్చడి నాది కాదు, మా అత్తయ్యది. నాన్నగారి అక్కయ్య. చిన్న వయసులోనే పసుపు కుంకాలు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. గోదావరి ఒడ్డున మా పల్లెటూరి ఇంట్లో పొయ్యి ముందే ఆవిడ రోజంతా గడిచిపోయేది. ఆవిడ వంటలో ఆర్భాటం ఉండేది కాదు. ముద్దపప్పు, చారు, పెరట్లో కాసిన ఆనపకాయో బీరకాయో. సంతలో దుంపలు దొరికిన రోజున మాత్రం పెరుగుపచ్చడి. ఆ రోజు మాకు పండగే.

దుంపల్ని తొక్కతోనే ఉడకబెట్టేది. తొక్క తీసి ఉడికిస్తే నీళ్ళు పీల్చుకుని చప్పబడతాయట. వేడిమీదే తొక్క ఒలిచి, మరీ మెత్తగా కాకుండా చేత్తో చిదిపి, ఉప్పు అప్పుడే కలిపేది. తరవాత పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి దుంపల్లో పెరుగు పోస్తే విరిగి నీళ్ళూరుతుంది. చల్లారాక పచ్చిమిర్చీ అల్లం నూరిన ముద్ద, పులవని కమ్మటి పెరుగు, పైన ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. ఒక గరిటెడు పెరుగు మాత్రం పక్కన దాచేది. దుంప పెరుగు పీల్చుకుని గట్టిపడుతుంది కదా, వడ్డించే ముందు అది కలిపేది.

1979లో నా పెళ్ళికి ముందు పుస్తకం పట్టుకుని వెంటపడ్డాను. "కొలతేమిటే పిచ్చిపిల్లా, ఎంతమంది తింటారో చూసుకుంటే చెయ్యే చెబుతుంది" అని నవ్వింది. నేను వదల్లేదు. "సరే, రాసుకో. పదిమందికి ఆరు దుంపలు, నాలుగు గరిటెల పెరుగు" అంది.

ఆ పుస్తకమే తీసి ఫోనులో చదివాను. "పదిమందేమిటమ్మా? అప్పుడు మీ ఇంట్లో అంతమందా?" అంది అమ్మాయి.

వేళ్ళమీద లెక్కపెట్టాను. తాతయ్య, బామ్మ, నాన్న, అమ్మ, బాబాయి, పిన్ని, మేం పిల్లలం నలుగురం. సరిగ్గా పది. లెక్క కుదిరిందని సంతోషించబోయి ఆగిపోయాను. అత్తయ్య ఏదీ?

ఇన్నేళ్ళుగా ఆ పేజీ చూసి వండుతున్నాను. ఒక్కనాడైనా తోచలేదు సుమండీ! అందరికీ వడ్డించాక ఆఖరున తినేది అత్తయ్య. "గిన్నెకి అంటుకున్నదాంట్లోనే ఉంటుందే రుచంతా" అనేది. మేం ఆ మాట నిజమేననుకుని, "అయితే గిన్నె నాకు" అంటే "గిన్నె నాకు" అని కొట్టుకునేవాళ్ళం. మాకు అందులోనే నాలుగు ముద్దలు కలిపి పెట్టి, తను మజ్జిగన్నంలో ఊరగాయ ముక్క నంజుకుని లేచిపోయేది. ఆవిడ 1996లో పోయింది. క్షమించమందామన్నా, ఒక్క గరిటెడు వడ్డిద్దామన్నా ఇప్పుడు మనిషి లేదు.

"అమ్మా, వింటున్నావా?" అంటోంది అమ్మాయి.

"రాసుకో. పదకొండు మందికి ఏడు దుంపలు."

"ఇందాక పదన్నావుగా?"

"ఆ లెక్క తప్పు. వండేదాన్ని కలపలేదు."

ఫోను పెట్టేసి, మా ఇద్దరికీ అదే పచ్చడి చేద్దామని దుంపలు పొయ్యిమీద పెట్టాను. మావారికి పెట్టి, చివర్న గిన్నె తుడుచుకోవటం నాకూ అలవాటే మరి. రోజూ వేసేదానికన్నా ఒకటి ఎక్కువ వేశాను. మావారు తొంగిచూసి, "ఎవరైనా వస్తున్నారా?" అన్నారు.

"ఎవరూ రావటం లేదు. నేను కూడా తింటాను" అన్నాను.